పద్నాలుగో లైను

గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారం.
బారో ఊళ్ళో ఐదింటికే చీకటి.
రేవు గాలి కాలేజీ కిటికీని
తలుపనుకొని తడుతోంది.

పన్నెండుమంది. అందరూ ఒకసారి తప్పినవాళ్ళే.
వెనక బెంచీలో రీస్ బ్రెయిత్‌వెయిట్,
పొద్దున షిప్‌యార్డులో వెల్డింగు నేర్చుకొని
సాయంత్రం నా దగ్గర ఇంగ్లీషు బాకీ తీర్చుకునే పిల్లాడు.
గోళ్ళ సందుల్లో ఇంకా మసి.

పేజీన్నర కథ ఇచ్చాను.
ఒక ముసలావిడ టీ కాస్తుంది,
రెండు కప్పులు బల్ల మీద పెడుతుంది,
ఒకటి తీసి అల్మారాలో దాచేస్తుంది.
అంతే. ఎవరూ చావరు. ఎవరూ ఏడవరు.

"ఇందులో ఏం లేదు మిస్," అన్నాడు రీస్.
అయినా నేను నేర్పిన మాటలన్నీ
కాగితం నిండా ఉప్పులా చల్లాడు:
ఉపమ, రూపకం, చిన్న వాక్యాలు,
దీనివల్ల పాఠకుడు ఇంకా చదవాలనుకుంటాడు.
పాపం ఆ పాఠకుడు,
ఇరవై ఏళ్ళుగా నేను దిద్దే ప్రతి జవాబులోనూ
ఇంకా చదవాలనుకుంటూనే ఉన్నాడు.

ఎర్ర పెన్నుకి మూత పెట్టి అడిగాను:
వెల్డింగు బాగుందో లేదో ఎలా చూస్తావు?

వాడి మొహం మొదటిసారి నా వైపు తిరిగింది.
"రేకు మధ్యలో చూస్తే ఏం తెలీదు మిస్.
అతుకు దగ్గర చూడాలి.
మరీ నున్నగా ఉంటే ఇంకా అనుమానించాలి.
లైటు అడ్డంగా వేస్తే పగులుకి నీడ పడుద్ది."

అయితే వెయ్యి, అన్నాను.

చాలాసేపు హీటరు ఒక్కటే మాట్లాడింది.
వాడి వేలు ఆగుతూ, జరుగుతూ, వెనక్కొస్తూ
పద్నాలుగో లైను మీద మసి ముద్ర వేసింది.

"ఇక్కడ 'మళ్ళీ' అని ఉంది.
మళ్ళీ ఒకటి లోపల పెట్టింది అని.
అంటే నిన్నా పెట్టింది. మొన్నా.
ఆయన లేడని రోజూ మర్చిపోతోంది."
కాసేపాగి,
"లేదా... మర్చిపోవట్లేదేమో మిస్."

ఎన్నేళ్ళుగానో చెబుతున్న పాఠం.
నా కళ్ళు ఆ మాట మీంచి
ఎన్నిసార్లు జారిపోయాయో.

రాసెయ్, అన్నాను.
ఆ ఒక్క మాటా కోట్స్‌లో పెట్టు.
అది ఏం చేస్తోందో చెప్పు.
ఆ 'లేదా' ఉంది చూశావూ,
అది మాత్రం కొట్టెయ్యకు.

వాడు పాసయ్యాడా అని అందరూ అడుగుతారు.
మార్కులు జనవరిలో వచ్చాయి, ఆ సంగతి వేరు.

ఈ ఏటి పిల్లలకి వాడి కాగితమే జిరాక్సు తీశాను.
మసి వేలిముద్ర కూడా అచ్చయింది.
"మిస్, ఇక్కడ ఏదో ఉంది," అంటారు ఎవరో ఒకరు.

ఉందా, అంటాను.