తిరిగే వస్తువు

రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టి
"గాడి ఉన్నది ఐదువేలు ఎక్కువ" అన్నాడు జిలానీ.
గవర్నర్‌పేటలో రెండో అంతస్తు.
మెట్ల కింద ఇస్త్రీ బండి,
బొగ్గు వాసన పైదాకా వస్తోంది.

ఐదువేలు!
డిస్కు దూరే సన్నటి గీతకి.
ఆటోనగర్లో లేత్ మీద నేను ఇనుముకి గాడి తీస్తే
నూటయాభై ఇస్తారు,
అదీ బేరమాడి.

"ఇంకా డిస్కులెవరు కొంటున్నారన్నా,
నొక్కితే దిగిపోద్ది.
గీతలు పడవు, పోదు,
అరువివ్వమని ఎవడూ అడగడు"
అంటాడు, ఆ డిస్కుల మధ్యే కూర్చుని.

ఎవడూ అడగడు.
అక్కడ ఆగాను.

బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు
సింగ్‌నగర్ అద్దింట్లో మంచమెత్తు నీళ్ళు.
సువార్త బియ్యం డబ్బా ఎత్తింది, పిల్లదాని సర్టిఫికెట్లు ఎత్తింది,
నేను గ్యాస్ బండ ఎత్తాను.
ఆటల అట్టపెట్టె ఎవరికీ గుర్తు రాలేదు.

ఐదోరోజు తలుపు తోస్తే
బురద వాటిని ఒకదానికొకటి అతికించి పెట్టింది
జాగ్రత్తగా, అప్పడాల కట్టలా.
పడవలో పంచిన తాగేనీళ్ళ ప్యాకెట్లు
రెండు కొరికి కడిగాను.
ఆ పాపం నా ఖాతాలో ఇంకా ఉంది.
దండేనికి బట్టల క్లిప్పులతో తగిలిస్తే
ఇరవైమూడు డిస్కులు గాలికి తిరిగాయి.
ఎదురు డాబా గోడంతా
వెలుగు మచ్చలు పరిగెత్తాయి.
ఆ వారంలో మా వీధి పిల్లలు నవ్వింది అప్పుడే.

పద్నాలుగు బతికాయి.
అట్టల మీద వీరులందరిదీ ఒకటే రంగు, బుడమేరు రంగు.

ఆన్‌లైన్లో కొన్నవి మాత్రం
పాస్‌వర్డు కొట్టగానే
పొడి బట్టల్తో వచ్చి నిలబడ్డాయి,
ఊళ్ళో వాన కూడా పడనట్టు.
అబద్ధమెందుకు, ఆ రాత్రి వాటినే ఆడాను.

మరుసటేడు వాటిలో ఒకటి కనపళ్ళేదు.
"ఇక అందుబాటులో లేదు" అని ఒక ముక్క.
ఎవర్ని అడగాలో రాయలేదు.
మా ఓనరు రంగనాయకులుగారు నయం,
గోడకి మేకు కొట్టనివ్వడు గానీ
ఖాళీ చెయ్యమంటే నెల గడువిస్తాడు.

ఇరవైనాలుగోది ఒకటుంది, చెప్పలేదు కదూ.
మా షాపు హెల్పరు మస్తాన్‌వలి
రెండ్రోజులని తీసుకెళ్ళి రెండేళ్ళయింది.
టీ దగ్గర, టిఫిన్ దగ్గర తిట్టేవాణ్ణి వాణ్ణి.
చిట్టినగర్ కొండమీద, నూట పన్నెండు మెట్ల పైన ఇల్లు.
ఏ ఏరూ అంత ఎత్తు ఎక్కదు.

వరద తీశాక వాడే తెచ్చాడు, సిగ్గుపడుతూ.
అట్టకి మూల నలగలేదు.
నేనే పాతది కొన్నాను దాన్ని, బీసెంట్ రోడ్డులో;
లోపలి కాగితం మీద అంతకుముందెవరో పెన్సిలుతో
"మూడో వంతెన దగ్గర దూకొద్దు.
ఎడంపక్క మెట్లున్నాయ్. – లీలాధర్, భవానీపురం."
దాని కింద మస్తాను రాత, వంకరటింకర
"నిజమే. నేను దూకి చూశా."

లీలాధరెవరో నాకు తెలీదు.
బస్సులో నా పక్కనే కూర్చుని ఉంటాడు ఎప్పుడో.

"ఏమంటావన్నా?" జిలానీ తొందర.
ఐదువేలంటే పిల్లదాని ట్యూషను రెండు నెలలు.
సువార్తకి ధర తగ్గించి చెప్పాలి,
చెప్పినా కనిపెట్టేస్తుంది.
లేత్ దగ్గర బతికేవాణ్ణి,
తిరిగే వస్తువుని నమ్మడం అలవాటైపోయింది.

గాడి ఉన్న పెట్టె మీద చెయ్యి వేశాను.
"డిస్కు ఏదివ్వమంటావ్?"
ఇప్పుడేం వద్దు జిలానీ,
ఒకటి మళ్ళీ కొండమీదుంది.
మస్తానుని అడగాలి.