టిక్కీ

పొద్దున తొమ్మిదికి కొక్కెం మీంచి
సీసం కోటు దించి భుజాలకెత్తుకుంటాను.
ఆరు కిలోలంటారు.
తొమ్మిదింటికి ఆరే.
తొడ ఎముకకు రాడ్డు వేసే రోజైతే
సీ-ఆర్మ్ పక్కన మధ్యాహ్నం రెండయ్యేసరికి
అదెంతవుతుందో
కొత్తపేటలో ఏ కాటా చెప్పలేదు.

"ఊపిరి పీల్చండి. బిగబట్టండి. కదలకండి."
పందొమ్మిదేళ్లుగా ఇదే మాట.
వదలమంటే అందరూ వదిలేసి వెళ్లిపోతారు.
నా మెడ కుడిపక్కన మాత్రం
ఎవరిదో ఊపిరి ఇంకా బిగబట్టే ఉంది.

జడ వేసుకోక మూడేళ్లు.
చెయ్యి వెనక్కి పోదు, క్లిప్పు పెట్టుకుంటాను.
ఫ్యాషననుకుని
మా ఆయన ఇంకో రెండు క్లిప్పులు కొనుక్కొచ్చాడు.

నాగుల్ మీరా ఉన్నన్నాళ్లూ
తలవైపు తను, కాళ్లవైపు నేను.
అతని డిస్కు జారింది.
ఇప్పుడు వరండాలో టోకెన్లు పిలుస్తాడు.
ఆ చోటు ఖాళీగానే ఉంది,
తలవైపూ నేనే, కాళ్లవైపూ నేనే.

ఓ రాత్రి డ్యూటీలో, ఎవరూ లేనప్పుడు
శిరోమణి నాకో ఫిల్మ్ తీసింది.
నా మెడని నేనే వెలుగుకి పట్టి చూశాను.
ఏడు పూసలూ బుద్ధిగా వరుసలో ఉన్నాయి.
"ఏం లేదక్కా" అంది.
ఎముకకు తప్ప సాక్ష్యం చెప్పని యంత్రం అది.
కండ దాని కంటికి ఉత్త పొగ.

నిన్న మిర్చి యార్డు నుంచి గురవయ్య,
నడుం పట్టేసి, స్ట్రెచర్ మీద.
ఆయన కంటే ముందు ఘాటు వచ్చింది.
తుమ్ముతూనే దుప్పటి అంచు పట్టి
వంగాను.

మూలుగుతున్న మనిషి మూలుగాపి
నా వంక చూశాడు.
"అట్టా గాదు తల్లీ, నడుం వంచమాక.
మోకాళ్లు వంచు.
టిక్కీని పొట్టకానించుకుని, అప్పుడు లెగవాల."
"టిక్కీ ఎక్కడుందయ్యా?"
"ఇయ్యాల్టికి నేనేగా."

కోర్సులో రెండేళ్లు కిలోవోల్టులు చెప్పారు,
మిల్లీ యాంపియర్లు చెప్పారు.
మనిషిని ఎత్తడం
బల్ల పక్కన పడుకున్న హమాలీ చెప్పాడు.

మోకాళ్లు వంచాను.
టక్కుమన్నాయి, నావో, ఆయనవో.
పొట్టకానించుకుని లేచాను.
బల్ల మీదికి చేరాడు.
"నయం, యార్డులో పనికొస్తావు" అన్నాడు,
మళ్లీ మూలగడం మొదలుపెట్టాడు.

కోటు సర్దుకుని తెర వెనక్కి నడిచాను.
బయట నలభై మూడో నెంబరు పిలుస్తున్నాడు నాగుల్ మీరా
కూర్చోలేక, నిలబడి,
నడుం మీద చెయ్యేసుకుని.