రెండో దెబ్బ

నా కిటికీ కిందే మూడో లైను.
పదకొండేళ్లుగా తెమిర్ఖాన్‌ని
చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.
పొడుగాటి కర్రకి చిన్న సుత్తి.
బండి ఆగగానే ప్రతి చక్రం దగ్గరా
ఠంగ్.
కాసేపు ఆగి, చెవుల మీది టోపీ పైకి నెట్టి, మళ్లీ
ఠంగ్.

రూల్సు పుస్తకంలో ఒక్క దెబ్బే ఉంది.
రెండోది ఎందుకని అడిగాను
నేను ఉద్యోగంలో చేరిన చలికాలం.
"మొదటిది జీతానికి," అన్నాడు
పాలు పోసిన టీ గ్లాసుని అరచేతుల మధ్య తిప్పుతూ.
రెండోది దేనికో చెప్పలేదు.
టీ బాగుందన్నాడు.

మైనస్ ముప్పైలో ఇనుము అబద్ధమాడుతుందట.
చలికి బిగుసుకున్న పగులు
మొదటి దెబ్బకి మంచి చక్రంలాగే పలుకుతుందట.
కరగండా బొగ్గు మోసే వ్యాగన్లలో
అతని చెవికి దొరికిపోయిన చక్రాలు
నా రిజిస్టరులో నలభై ఒకటి.
ఎర్ర సిరాతో రాసింది నేనే.

తర్వాత అస్ఖత్ జుమబాయెవిచ్ వచ్చాడు మేనేజరుగా.
చెడ్డవాడనను.
అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు.
లైను మీదికి మాత్రం రాడు.
లైను సంగతులన్నీ ఇంట్లో
భోజనాల బల్ల దగ్గరే తెలుస్తాయతనికి.
ఆ బల్ల దగ్గర వాళ్లావిడ తమ్ముడు, దౌరెన్.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు.
దౌరెన్ బంతిలోనే కూర్చోలేదు,
తిన్నగా వంటింట్లోకే వచ్చాడు.

గొర్రెబొచ్చు చేతితొడుగులు
ఎనిమిదిమందికి ఆరు జతలొచ్చాయి.
దౌరెన్‌కి రెండు.
సీనియరు పోస్టు ఒక్కటే వచ్చింది.
అదీ దౌరెన్‌కే.
సుత్తి ఎక్కడ పట్టుకోవాలో
మొన్న శరదృతువులో అతనికి నేర్పింది తెమిర్ఖాన్.

బోనసు జాబితా టైపు చేసింది నేను.
తెమిర్ఖాన్ పేరుకి ఎదురుగా అంకె లేదు, గీత.
"పొరపాటేమో," అన్నాను.
"నిదానం మనిషి. బండికి పన్నెండు నిమిషాలు ఎక్కువ,"
అన్నాడు మేనేజరు, కాగితంతోనే మాట్లాడుతున్నట్టు.
దౌరెన్ అయితే
టీ చల్లారేలోపు బండి మొత్తం ముగిస్తాడు.
నిజమే. నేనూ చూశాను.
నాకూ ఇంట్లో అద్దె కట్టాలి.
ఎంటర్ నొక్కాను.

గొడవ జరిగుంటే బాగుండేది.
తెమిర్ఖాన్ నోటీసు బోర్డు దగ్గర నిలబడి చదివాడు.
కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చదివాడు,
అలవాటు కదా.
వెళ్లిపోయాడు.

మర్నాడు మూడో లైనులో
ఠంగ్.
నేను పెన్ను గాల్లో పట్టుకుని ఆగాను.
అడుగుల చప్పుడు. మంచు కరకర.
పక్క చక్రం.
ఠంగ్.

ఎవర్ని ఏమనగలం?
పుస్తకంలో ఉన్నదంతా చేస్తున్నాడు.
క్లావ్దియా కూడా అంతే,
పాయింట్ల దగ్గర మంచు తన హద్దు వరకే ఊడ్చి
చీపురు గోడకి ఆనిస్తుంది.
హద్దుకి అవతల జానెడు మంచు
ఎవరిదీ కాకుండా గడ్డకడుతుంది.

బళ్లిప్పుడు పన్నెండు నిమిషాలు ముందే కదులుతున్నాయి.
పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, గాజు ఫ్రేములో.
గోడకి మేకు దిగ్గొట్టడానికి
తెమిర్ఖాన్ సుత్తే అడిగి పట్టుకెళ్లారు.
ఇచ్చాడు.
తిరిగి తెచ్చారా అని అడగలేదతను, రెండు రోజులు.

ఈ నెల రిజిస్టరంతా నీలం సిరా.
చక్రాలన్నీ మంచివే అయ్యుంటాయి.
సాయంత్రం ఏడింటి బండిలో
నా కూతురు తెమిర్తావుకి వెళ్తుంది.
ఎర్ర పెన్ను మూత తీసి
కాగితం అంచున గీశాను.
పడలేదు.
ఇంకోసారి గీశాను.