పన్నెండు సెకన్ల కళ్ళం

రొట్టెల వ్యాన్ నాది. తొమ్మిది ఊళ్ళు, రోజూ.
ఏ మలుపులో గేరు మార్చాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
అయినా ఈ వేసవంతా
తెలిసిన దారుల్నే ఫోన్ తెరమీద
కొత్త చుట్టంలా తడుముకుంటూ తిరిగాను.

ఆగస్టులో సూర్యుడికి సంపూర్ణ గ్రహణం.
స్పెయిన్ మీదుగా నీడ దాటే మేర
మ్యాప్‌లో బూడిదరంగు పట్టీ.
వేలు పెట్టిన చోటల్లా ఒక పిన్ను గుచ్చుకుంటుంది,
పిన్ను పక్కనే లెక్క:
చీకటి ఇన్ని సెకన్లు, పొద్దు ఇంత ఎత్తు.

వాల్దెయెర్మాలో ఆ పట్టీ అంచు
ఊరి నడుమనుంచే పోతోంది.
చర్చి మెట్ల దగ్గర సున్నా.
శ్మశానం గోడ అవతల ఆరు.
పైవీధి వాళ్ళు బార్‌లో కూర్చుని
కిందివీధి వాళ్ళని ఏడిపిస్తున్నారు,
మీకు చీకటి రేషన్ రాలేదని.

కసిల్దాది కిందివీధి. ఎనభై మూడేళ్ళు. రోజుకి అర రొట్టె.
"ఉత్తరానికి రెండు గంటలు పోతే
నిమిషంన్నర చీకటి. వ్యాన్‌లో తీసుకెళ్తాను" అన్నాను.
చిల్లర లెక్కపెట్టడం ఆపలేదు.
"మన ఊరికే వస్తున్నదాన్ని
పొరుగూరు వెళ్ళి చూడాలా?"

సరే. ఆమె నడవగలిగేది కిలోమీటరు,
కర్రతో, మధ్యలో రెండుసార్లు కూర్చుని.
ఆ కిలోమీటరునే రోజుకో వైపు గీసి చూశాను.
గొర్రెల దొడ్డి దగ్గర తొమ్మిది సెకన్లు, కానీ
ఆ వేళకి పొద్దు చాచిన చేతికి నాలుగు వేళ్ళ ఎత్తే,
అడ్డంగా కొండ. మ్యాప్ ఎర్రగీత కొట్టేసింది.
వాగు గట్టు మరీ పల్లం.
మిగిలింది ఒక్కటే.
పన్నెండు సెకన్లు, పడమరంతా ఖాళీ.
పాత రాతి కళ్ళం. ప్రిమితీవోది.

ఆ పేరు వినగానే రొట్టె సంచి మూతి ముడేసింది.
ఇరవయ్యారేళ్ళ కిందట, నీళ్ళ వంతుల దగ్గర,
ఒక రాత్రి ఎవరో మడవ తిప్పేశారు.
ఎవరన్నది రెండిళ్ళలో రెండు రకాలుగా చెబుతారు.
మ్యాప్‌లో ఆ గీత లేదు.

మూడోనాడు తనే అడిగింది:
"నీ ఫోన్‌కి ఆ పాప్లర్ చెట్లు తెలుసా?"
తెలియదు.
చంద్రుడి అంచున ఉన్న గుట్టల్నీ లోయల్నీ
లెక్కలోకి తీసుకుందట ఆ మ్యాప్.
ప్రిమితీవో తన కూతురు పుట్టిన ఏడు
కళ్ళానికి పడమటి గట్టున నాటిన చెట్లు
దానికి ఆనలేదు.
"పదకొండు," అంది. "పన్నెండు ఉండేవి."
కిటికీ తెరిస్తే అవే మరి.
చూడకూడదనుకుని ఇన్నేళ్ళూ
వాటినే చూస్తూ ఉంది కాబోలు.

ప్రిమితీవోకి రెండు రొట్టెలు అందిస్తూ
ఊరికే అన్నట్టు అన్నాను,
గ్రహణం చూడ్డానికి మీ కళ్ళమే మంచిదట,
చెట్లే అడ్డమట అని.
ఎవరికి అని అడగలేదు.
రొట్టె కొస తుంచి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు.
"అయిదోదానికీ ఆరోదానికీ మధ్యది
ఎండిపోయింది, పోయినేడు."
అదేమైనా జవాబా?

ఇంకా నాలుగు రోజులుంది.
ఇవాళ పొద్దున్నే మలుపు తిరుగుతుంటే
కళ్ళం మీద ఒక కుర్చీ.
గాలికి పోకుండా సీటు మీద రాయి.
నా పిన్నుకి ఏడడుగులు ఎడమగా,
సరిగ్గా ఆ చెట్టు లేని సందుకి ఎదురుగా.
వ్యాన్ ఆపి, దాని పక్కన నిలబడి
మళ్ళీ ఫోన్ తీశాను. పన్నెండే.
ఒక్క సెకను కూడా తరగలేదు.

కసిల్దాకి చెప్పాను.
"ఆ కుర్చీ నాకు తెలుసు. ఒక కాలు పొట్టి" అంది.
రొట్టె చుట్టిన కాగితం విప్పి,
నాలుగు మడతలు పెట్టి
ఏప్రన్ జేబులో దాచుకుంది.