ఎనభై ఎనిమిది అంగుళాలు

సుత్తి అక్కర్లేకపోయింది.
స్క్రూడ్రైవరు మొనతో ఊరికే నొక్కాను,
టీలో ముంచిన బిస్కట్టులా లోపలికి దిగబడింది ఇనుము.
"ఎందాకా?" అన్నాడు ఇద్‌వల్, టార్చి పట్టుకుని.
వెనక ఇరుసు దాకా అన్నాను.
కాదు, ఇంకా ముందుకి.

మేనత్త గ్వెన్‌లియన్ బండి ఇది, అరవై రెండులో పుట్టింది.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు.
మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తింది,
వేల్స్ కొండల్లో కురిసే నీళ్ళన్నీ తాగింది,
కడుపులో దాచుకుంది, చెప్పలేదు.

పైన రేకు మాత్రం అల్యూమినియం, తుప్పెరగదు.
సొట్టలే ఉన్నాయి.
ఎడమ తలుపుది పొట్టేలు పని,
కుడివైపుది మా గేటుది, నా పదిహేడో ఏటిది.

గురువారం లారీ మీద కొత్త ఎముకలొచ్చాయి.
కొత్తవంటే, సైన్యం వేలం వేసిన ఛాసీ.
నాలుగు మూలలా నాలుగు లావుపాటి కడియాలు,
హెలికాప్టరుకి వేలాడదీయడానికట.
మా బండి జన్మలో ఎగిరింది ఒక్కసారే,
వాగు గట్టు మీంచి, అత్తతో సహా.

టేపు పెట్టి కొలిచాం.
ఇరుసు నుంచి ఇరుసుకి ఎనభై ఎనిమిది అంగుళాలు.
దీనిదీ అంతే, దానిదీ అంతే.
గొర్రెల్ని మోసేదానికీ తుపాకుల్ని మోసేదానికీ
కొలతలు తీసిన దర్జీ ఒకడేనన్నమాట.

"రైతు తోలు కింద సిపాయి ఎముకలు," అని నవ్వాను.
ఇద్‌వల్ నవ్వలేదు.
తొలినాటి బళ్ళకి, యుద్ధ విమానాలు చేయగా మిగిలిన రేకే
తొడిగారని వాళ్ళ నాన్న చెప్పేవాడట.
అయితే తోలూ పాత సిపాయిదే.
పింఛను మీద గొర్రెలు కాసుకుంటోంది, అంతే.

గ్రైండరు ఆనించగానే రంగులు విప్పుకుంది ఛాసీ.
ఆకుపచ్చ,
కింద ఇసుక రంగు,
ఇసుక కింద తెలుపు,
ఎవరిద్దరి మధ్యనో అడ్డంగా నిలబడినప్పటిది.
ఆ తెల్లపూతలో, సరిగ్గా ట్యాంకు బ్రాకెట్టు రావలసిన చోట,
మేకుతో గీసిన గీతలు.
నాలుగు నిలువు, వాటి మీదుగా ఒకటి అడ్డం.
అలాంటివి ఆరు కట్టలు.
పక్కన ఒంటరిగా ఇంకో గీత.
ముప్ఫయ్యొకటి.
తర్వాత పెయింటే.

"ఇంటికెళ్ళిపోయాడేమో," అన్నాడు ఇద్‌వల్.
నేను మాట్లాడలేదు.
"మేకు పారేసుకున్నాడేమో," అన్నాడు, టీ చల్లారాక.

ఆ చోటు చేతికందాలంటే బండి కింద వెల్లకిలా పడుకోవాలి.
నేను పడుకున్నట్టే.
నీడ కోసం దూరి ఉంటాడు.
నా నిప్పురవ్వలు అతని ఆకాశంలోకి ఎగిరాయి.

బ్రాకెట్టు రెండు వేళ్ళు పక్కకి జరిపి అతికించాను.
ట్యాంకు కాస్త ఒరిగింది.
అడుగున లీటరు పెట్రోలు ఇంజనుకి ఎన్నటికీ చేరదు.
"ఇదేం లెక్క?" అన్నాడు ఇద్‌వల్. గీతలు చూశాడు.
రెంచీ అందించాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్ళు వచ్చినట్టే
కోట్లు విప్పి బాడీ ఎత్తారు, ఆరుగురు.
పదకొండు బోల్టులు పుట్టింటికొచ్చినట్టు కూర్చున్నాయి.
పన్నెండోది మాత్రం సాయంత్రం దాకా అలిగింది.

ఆఫీసు కాగితం అడిగింది: ఇది అదే వాహనమా?
ఔను, కాదు, రెండే గళ్ళు.
నంబరు ఛాసీ మీద ఉంటుంది.
పొట్టేలు పొడిచింది మాత్రం తలుపుని.
ఇంటిపేరు ఏ ఎముక మీద రాసుంటుందో
తెలిసినవాళ్ళు నింపండని డ్రాయరులో పెట్టాను.

మొన్న వడగళ్ళలో, కొండ మలుపు దగ్గర ఆగిపోయింది.
ముల్లు ఇంకా కొంచెం ఉందంటోంది.
వెనక నుంచి కుంటి గొర్రె నన్నే చూస్తోంది.
డబ్బా తీసుకుని దిగాను.
ఎందుకో అడుగులు లెక్కపెట్టాను.
ముప్ఫయ్యొకటి దగ్గర ఆపి,
మిగతా దారంతా ఊరికే నడిచాను.