చెప్పుల వరుస

తెల్లారి నాలుగున్నరకి నేను షట్టరెత్తేసరికే
చెప్పులొచ్చి నిలబడి ఉంటాయి.
మనుషులు బెంచీల మీద, మెట్ల మీద,
చింతచెట్టు కింద పరిచిన చాపల మీద
ఇంకో కునుకు తీస్తుంటారు.
వాళ్ళ బదులు వాళ్ళ చెప్పులు
నా కిటికీ నుంచి అంబులెన్సు షెడ్డు దాకా
జతలు జతలుగా కాచుకుని ఉంటాయి.

అరిగిన మడమలు, తీగతో కుట్టిన పట్టీలు,
చెరకు తోటల ఎర్రమట్టి.
ఒక జత మరీ చిన్నది, మీద కుందేలు బొమ్మ.
ఇన్నేళ్ళలో ఇక్కడ చెప్పులు పోయాయని వినలేదు.
ముందుకి జరిగాయని మాత్రం రెండుసార్లు విన్నాను.

మూన్ నది ఒడ్డున, ఇదే ఆసుపత్రిలో,
పూర్వం ఇదే కిటికీ దగ్గర నేను క్యాషియర్ని.
రోగం పేరు డాక్టరు చెప్పేవాడు,
దాని ధర నేను చెప్పేదాన్ని.
నా మాట విన్నాకే మొహాలు పాలిపోయేవి.
నుఫాన్ అని ఒక పడవవాడు
బిల్లుని రెండు మడతలు పెట్టి జేబులో వేసుకుని
"పశువుల సంత మంగళవారం కదక్కా,
బుధవారం వస్తా" అన్నాడు.
ఎన్ని బుధవారాలు పోయాయో.
ఆ రోజుల్లో చెప్పుల వరుస
నాలుగు జతలు దాటేది కాదు.
మండలమంతా ఆరోగ్యంగా ఉందని
జిల్లాకి పంపే కాగితంలో నేనే రాశాను.

తర్వాత కార్డు వచ్చింది.
ఏ జబ్బైనా ముప్పై బాత్.
గిన్నెడు నూడుల్సు, ఒక కొబ్బరిబొండం.
మొదటి నెల ఎవరూ నమ్మలేదు,
ముప్పైకి ముప్పై పాటి మందే ఇస్తారన్నారు.
రెండో నెల నుంచి బయల్దేరారు చూడండి:
పదకొండేళ్ళ హెర్నియాని లుంగీలో దాచుకున్నవాళ్ళు,
రొమ్ములో గడ్డకి ఆకుపసరు కట్టుకున్నవాళ్ళు,
చూపు మసకేస్తే వయసనుకుని
గోడ పట్టుకు నడిచినవాళ్ళు.
ఇన్నాళ్ళూ ఎక్కడున్నాయివన్నీ?
ఊళ్ళలోనే ఉన్నాయి.
ధర తెలిసి గడప దాటలేదంతే.

డాక్టర్లు మాత్రం అప్పుడూ ముగ్గురే.
ఇప్పుడు ఇద్దరు.
థనపొన్ బ్యాంకాక్ వెళ్ళిపోయాడు, మంచివాడే.
రోజుకి నూటయాభై నాలుకలు చూసి చూసి
తన నాలుక పిడచగట్టిందన్నాడు.
కుండలో కూడు కుండలోనే ఉండాలి,
బిడ్డ మాత్రం దుడ్డులా ఎదగాలి అంటారే,
ఆ లెక్క రాజధానిలో ఎవరో వేశారు.
కుండ మా దగ్గరుంది.

మొన్న సోమవారం
మూడున్నరకి నీలం జత వంతు వచ్చింది.
కుడిదానికి పిన్నీసు.
"నీలం చెప్పులెవరివి?" అని పిలిచాను.
మళ్ళీ పిలిచాను.
చాపలన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.
సాయంత్రం ఊడ్చేవాడు పారేయబోతే
తీసి నా కుర్చీ కింద పెట్టుకున్నాను.

గురువారం ఒక కుర్రాడొచ్చి అడిగాడు.
ఖమ్‌ఫాయ్ మనవడట.
వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు మూడింటికి.
"మరి చెప్పులేసుకుని వెళ్ళొచ్చుగా?"
"తీస్తే వంతు పోతుందనుకుంది."
బస్సు దిగాక మూడు కిలోమీటర్లు,
ఏప్రిల్ ఎండలో తారు.
షుగరు పట్టిన పాదాలకి వేడి తెలీదు,
బొబ్బలు ఇంటికెళ్ళాక ఎవరో చూసి చెప్పారట.
కార్డు ఆమె రవికలో భద్రంగా ఉందట,
చెమటకి తడవకుండా ప్లాస్టిక్ కవరులో.

"రేపు తీసుకురా" అన్నాను.
చెప్పులు మాత్రం ఇవ్వలేదు.

శుక్రవారం షట్టరెత్తాను.
ఆ నీలం జత తెచ్చి
అందరికన్నా ముందు పెట్టాను.
జరపకూడదని గోడ మీద రాసింది నేనే,
చేతిరాత కూడా నాదే.
చాప మీద ఒకావిడ కళ్ళు తెరిచింది.
ఏదో అనబోయింది.
లేచి వచ్చి, వంగి, పిన్నీసు చూసి,
తన జతని ఒక్క జానెడు వెనక్కి లాక్కుని
వెళ్ళి మళ్ళీ పడుకుంది.

తొలి బస్సు ఆరుంపావుకి.
ఇంకా అయిదు కాలేదు.