ఎన్నేళ్లు ఆగుతుంది

మా నాన్న పలకరాళ్ల కప్పులు వేసేవాడు.
గిల్వినెక్ రేవులో సగం ఇళ్ల మీద
ఆయన మోకాళ్లు పాకాయి.
అందుకే కెంపేర్ ఆసుపత్రిలో డాక్టరు
కాగితం మీద నా తుంటి గీసి
"బంతి గిన్నెలో నిలవట్లేదు, పైన చూరు లేదు,
కటి ఎముకలోంచి చిన్న చెక్క తీసి చూరు దించుతాను" అన్నప్పుడు
అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం
ఎన్నేళ్లు ఆగుతుంది అని అడిగాడట.

నాకప్పుడు మూడేళ్లు.
నాయనమ్మ కొరెంటిన్‌ది కుంటినడకే, వాళ్లక్కదీ అంతే.
ఆ తీరంలో అదో ఇంటిపేరులాంటిది.
పెళ్లిళ్లలో వాళ్లు ఆడుతుంటే
కట్టేసిన పడవలు ఊగినట్టుండేదట,
ఎవరూ వింతగా చూసేవారు కాదట.
"దానికి కత్తెందుకురా, తూగుతూ నడుస్తుంది" అంది నాయనమ్మ.

నాలుగు నెలలు చంకల దాకా పిండికట్టు.
కాళ్లు ఎడంగా, మధ్యలో ఓ కర్ర.
గుమ్మంలో పట్టక నన్ను అడ్డంగా తిప్పి తెచ్చేవారు
నిచ్చెనను తెచ్చినట్టు.
దురద పుడితే అమ్మ అల్లికసూది దూర్చేది.
కట్టు విప్పిన రోజు
బెరడు ఒలిచిన పుల్లల్లాంటి ఆ కాళ్లను చూసి
"ఇవెవరివి?" అన్నానట.

తర్వాత బతుకు జరిగింది.
ఎడమ జోడుకి సెంటీమీటరున్నర అదనపు అట్ట.
చేపల వేలంపాటలో ముప్పయ్యేళ్లు తడినేల మీద నిలబడ్డాను.
ఇద్దరు పిల్లలు. సైకిలు. ఓ విడాకులు.
ఏటా ఎక్స్‌రే తీసి "బాగుంది" అని రాసేవారు,
తర్వాత ఐదేళ్లకోసారి,
తర్వాత ఆ డాక్టరే పోయాడు.
నలభై దాటాక వానకంటే ముందే వాన తెలిసేది.
మేజోడు తొడుక్కోవడం పెద్ద వడ్రంగం పనైంది.

ఈ మార్చిలో కొత్త డాక్టరమ్మ ఎనోరా, నా కూతురి ఈడు,
పాత ఫిల్మును వెలుతురుకి పెట్టి
చాలాసేపు చూసింది.
"యాభై నాలుగేళ్లు! ఎంత చక్కటి పని" అంది
నాతో కాదు, పోయిన ఆయనతో అన్నట్టు.
నొప్పి పదికి ఎంత అని అడిగింది.
ఏ మెట్టు మీద, అన్నాను.

కొత్త కీలు వేస్తారట. పింగాణీ బంతి.
నోరు తెరిచానో లేదో నాన్న గొంతు బయటికొచ్చింది.
"ఇరవై, పాతిక... ఖాయంగా చెప్పలేం" అంది పిల్ల.

ఆనాడు ఆ డాక్టరు జవాబు చెప్పలేదట, అమ్మ అనేది,
"మీరు వేసినవి ఎన్నేళ్లు ఆగుతాయి?" అని ఎదురడిగాడట.
నాన్న టోపీని చేతుల్లో తిప్పుతూ
"గాలిని బట్టి" అన్నాడట.